స్టెప్నీ మధ్యలో రివర్స్ కెమెరా: మీరే బిగించుకోవడం ఎలా

వెనక డోర్‌కి స్టెప్నీ ఉన్న బండిని రివర్స్ చేసేవాళ్లకి ఈ బాధ తెలుసు. లోపలి అద్దంలో సగం స్టెప్నీయే కనిపిస్తుంది, మిగతా సగం ఆకాశం. కిందున్న బండరాయి, నరికిన చెట్టు మొద్దు, వెనక ఆడుకుంటున్న పిల్లాడు ఏదీ కనపడదు. సరే కెమెరా పెట్టిద్దాం అనుకుంటే, మామూలు కార్లకి పెట్టినట్టే నంబర్ ప్లేటు దగ్గరో బంపర్‌లోనో పెట్టేస్తారు. దాంతో ఇంకో రెండు చిక్కులు. తెర పైభాగంలో టైరు అడుగే అడ్డంగా వేలాడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, ఈ బండ్లలో అన్నిటికంటే వెనక్కి పొడుచుకొచ్చేది బంపర్ కాదు, స్టెప్నీ. తెర మీద ఇంకా జానెడు జాగా ఉందనుకుంటూ ఉండగానే టైరు గోడకి తగులుతుంది.

కెమెరాకి సరైన చోటు స్టెప్నీ నడిమధ్య. 2018లో వచ్చిన జీప్ ర్యాంగ్లర్ జేఎల్‌లో కంపెనీవాళ్లే కెమెరాని అక్కడ పెట్టారు. అంతకుముందు తరమైన ర్యాంగ్లర్ జేకే బండ్లకి, స్టెప్నీ వెనకే ఉండే ఇతర జీపులకి మనమే పెట్టుకోవచ్చు. వైరింగ్‌తో కాస్త పరిచయం ఉంటే ఒక సెలవురోజు పని. లేకపోతే రెండు రోజులు అనుకోండి.

మొదలుపెట్టే ముందే ఒక మాట. కెమెరాని చక్రానికి బిగించకండి. చక్రాన్ని మోసే క్యారియర్‌కి బిగించండి. నేను మొదటిసారి చేసినప్పుడు అలాయ్ వీల్ మధ్యలో ఉండే ప్లాస్టిక్ మూతకి రంధ్రం చేసి, కెమెరా అందులో దూర్చేశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కొన్నాళ్లకి అడవి దారిలో, రాత్రిపూట, వానలో ముందు టైరు పంక్చరైంది. స్టెప్నీ నట్లన్నీ విప్పి లాగితే చక్రం రాదు. వెనక నుంచి కెమెరా వైరు పట్టుకుని ఉంది, దాని కనెక్టరేమో డోర్ ప్యానెల్ లోపల ఉంది. టార్చి నోట్లో పెట్టుకుని, నేనే ఎంతో జాగ్రత్తగా లాగిన ఆ వైరుని నేనే చాకుతో కోశాను. కింద చెప్పే పద్ధతిలో కెమెరాని, వైరుని ముట్టుకోకుండానే చక్రం బయటికి వచ్చేస్తుంది.

ముందు కొలతలు

చక్రం మధ్యనున్న మూత ఊడదీయండి. ఒక నిటారు కర్రనో పొడవాటి స్కేలునో టైరు ముఖానికి అడ్డంగా ఆనించి పట్టుకుని, అక్కడి నుంచి మధ్య రంధ్రంలోకి టేపు దూర్చి, క్యారియర్ ప్లేటు తగిలేదాకా కొలవండి. ఆ కొలతలోంచి 3 నుంచి 5 సెం.మీ. తీసేస్తే బ్రాకెట్, కెమెరా కలిపి ఎంత పొడవుండాలో తెలుస్తుంది. ఆ 3–5 సెం.మీ. లెక్క ఎక్కడిదో బ్రాకెట్ దగ్గర చెప్తాను.

రెండో కొలత, మధ్య రంధ్రం వ్యాసం. ర్యాంగ్లర్ జేకే చక్రానికి అది 71.5 మి.మీ., సుజుకి జిమ్నీకి 108 మి.మీ. బయట కొన్న అలాయ్‌లకి వేరేగా ఉండొచ్చు, అందుకని మీ చక్రాన్నే కొలవండి. కెమెరా తల, దాన్ని పట్టుకునే గొట్టం రెండూ ఈ రంధ్రంలోంచి ఖాళీగా జారిపోవాలి. అప్పుడే చక్రాన్ని కెమెరా మీదుగా లాగేయగలం.

మూడోది స్టడ్ల (నట్లు ఎక్కే మర కడ్డీల) వలయం వ్యాసం, అంటే పీసీడీ. 5 నట్ల చక్రంలో ఏ రంధ్రానికీ సరిగ్గా ఎదురుగా ఇంకో రంధ్రం ఉండదు కాబట్టి స్కేలు పెట్టి నేరుగా కొలవడం కుదరదు. పక్కపక్కనున్న రెండు రంధ్రాల మధ్యబిందువుల దూరం తీసుకుని 1.7తో గుణించండి. రంధ్రాల మధ్య దూరం 74.7 మి.మీ. ఉంటే అది 127 మి.మీ. వలయం, జేకేది అదే. 82 ఉంటే 139.7, జిమ్నీది అది. రెడీమేడ్ బ్రాకెట్ కొంటున్నా, ప్లేటు కోయించుకుంటున్నా ఈ అంకె కావాలి. క్యారియర్ మీద చాలా బండ్లకి మూడు స్టడ్లే ఉంటాయి. ఆ మూడూ ఏ స్థానాల్లో ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక వైరు పొడవు. ఒక తాడు తీసుకుని స్టెప్నీ మధ్య నుంచి, డోర్ కీలు మీదుగా, కింద గుమ్మం అంచు వెంట, డ్యాష్‌బోర్డు దాకా పరిచి కొలవండి. రెండు డోర్ల చిన్న జీపుకి 6 మీటర్ల వీడియో కేబుల్ చాలొచ్చు. నాలుగు డోర్ల పొడుగు బండికి 8 నుంచి 10 మీటర్లు తీసుకోవడం మంచిది. మిగిలితే చుట్ట చుట్టి దాచొచ్చు, తక్కువైతే మధ్యలో ఇంకో జాయింటు, అంటే ఇంకో తలనొప్పి.

ఏ కెమెరా

పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేవి చూసి మోసపోకండి. ముందు చూడాల్సింది డ్యాష్‌బోర్డులో తెర ఉన్న మీ స్టీరియోకి ఏ రకం వీడియో ఎక్కుతుందో. పాతవాటిలో చాలామటుకు సీవీబీఎస్ అనే మామూలు అనలాగ్ వీడియోనే తీసుకుంటాయి. ఏహెచ్‌డీ అనే ఇంకో రకం కెమెరా అంతకన్నా స్పష్టమైన 720పీ, 1080పీ బొమ్మ ఇస్తుంది, కానీ స్టీరియో దాన్ని అర్థం చేసుకునేదై ఉండాలి. లేదంటే తెర నల్లగా ఉంటుంది, లేదా గీతలు గీతలుగా దొర్లుతుంది. కొన్ని కెమెరాలు రెండు రకాలుగానూ పనిచేస్తాయి, వాటి వైరులో ఒక చిన్న లూప్ కోస్తే ఒక రకం నుంచి ఇంకో రకానికి మారతాయి. అనుమానం ఉంటే అలాంటిదే తీసుకోండి.

తర్వాత నీళ్లు. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి తడి చేరకూడదని అర్థం. ఐపీ69కే అంటే వేడి నీళ్లని బలంగా దగ్గర నుంచి కొట్టినా తట్టుకోవాలి. ఈ రెండూ వేర్వేరు పరీక్షలు, ఒకటి పాసైతే రెండోది పాసైనట్టు కాదు. వాగులు దాటే బండి, ఇంటికొచ్చాక ప్రెషర్ వాషర్‌తో కడిగే బండి అయితే రెండూ రాసి ఉన్నదే మేలు. రాసినంత మాత్రాన నమ్మకండి. కెమెరా చేతికి రాగానే ఒక గిన్నెలో నీళ్లు పోసి, కనెక్టర్ బయట ఉంచి, తలని మాత్రం అరగంట ముంచండి. తీసి తుడిచి కాసేపు ఎండలో పెట్టండి. గ్లాసు లోపలివైపు ఆవిరి పట్టిందంటే వెంటనే తిప్పి పంపేయండి.

170 డిగ్రీలు అని రాసేది చాలాసార్లు తెర ఒక మూల నుంచి ఎదురు మూలకి కొలిచిన కోణం. నిలువుగా చూసేది అంతకన్నా బాగా తక్కువ. స్టెప్నీ మధ్యలో ఉన్న కెమెరాకి కావాల్సింది కిందికి చూపు కాబట్టి, తల వంపు మార్చుకోగలిగే కెమెరా కొనండి. లెన్స్ చుట్టూ ఎల్ఈడీలు ఉన్నవి మాత్రం వద్దు. చక్రం గుంటలో ఆ వెలుతురు రిమ్ మీద పడి తిరిగి లెన్స్‌లోకే కొడుతుంది, రాత్రి తెరంతా తెల్లగా మసకేస్తుంది.

వైర్‌లెస్ కెమెరాలు చూసి వైరు లాగే పని తప్పుతుందని ఆశపడొచ్చు. కెమెరాకి కరెంటు వైరు ఎలాగూ లాగాలి. పైగా బొమ్మ అప్పుడప్పుడూ ఆలస్యంగా రావడం, తెగిపోవడం కొండ అంచున రివర్స్ చేసేటప్పుడు భరించలేం. నేనైతే వైరుకే ఓటేస్తాను.

అంతా బయట పరిచి చూడండి

ఒక్క స్క్రూ కూడా విప్పకముందు కెమెరా, కేబుల్, స్టీరియో మూడూ కలిపి ఒకసారి వెలిగించండి. కేబుల్‌ని సీట్ల మీదుగా అలాగే పరిచి, కెమెరాకి 12 వోల్టులు ఇచ్చి, స్టీరియో రివర్స్ వైరుకి కూడా 12 వోల్టులు తగిలించండి. బొమ్మ వచ్చిందా? తిన్నగా ఉందా? ఈ పది నిమిషాలు సోమరితనంతో వదిలేసి, సాయంత్రానికి ప్యానెళ్లన్నీ బిగించాక కేబుల్ పాడని తెలుసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఇప్పుడే ఇంకో సంగతి కూడా తేల్చుకోవాలి. రివర్స్ కెమెరా బొమ్మ అద్దంలోలాగా తిరగబడి ఉండాలి. ఏవైనా అక్షరాలున్న అట్టపెట్టెని కెమెరా ముందు పెట్టండి. తెర మీద అక్షరాలు ఎడమ కుడి తారుమారై, చదవడానికి ఇబ్బందిగా ఉన్నాయా? అయితే కరెక్టు. చక్కగా చదవగలుగుతున్నారంటే అది ముందువైపు కెమెరా బొమ్మ. అలాగే వదిలేస్తే మీ కుడివైపున్న రాయి తెర మీద ఎడమన కనిపిస్తుంది. చాలా కెమెరాల వైరు మీద రెండు చిన్న లూపులుంటాయి. ఒకటి కోస్తే ఈ తిరగబాటు మారుతుంది, రెండోది కోస్తే కెమెరా గీసే రంగు గీతలు పోతాయి. ఏది ఏదో కెమెరాతో వచ్చిన కాగితంలో చూసే కోయండి.

స్టెప్నీ దించడం, బ్రాకెట్

చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ముందు చక్రాలకి రాళ్లు పెట్టండి. బ్యాటరీ మైనస్ వైరు ఊడదీయండి. ఆఫ్‌రోడ్ టైరు, రిమ్ కలిపితే 30 కిలోలు తేలిగ్గా దాటుతుంది, పైగా నడుము ఎత్తులో ఉంటుంది. ఇంకొకరిని తోడు పిలవండి. ఆఖరి నట్టు తీసేముందు టైరు కిందికి మోకాలు ఆనిస్తే ఒక్కసారిగా మీద పడదు.

రెడీమేడ్ బ్రాకెట్ అయితే ప్లేటుని స్టడ్ల మీదికి తొడిగేయడమే. సొంతంగా చేయించుకుంటే ఒక అట్టముక్కని స్టడ్ల మీద గట్టిగా అదిమి నొక్కండి, వాటి అచ్చు పడుతుంది. ఆ అచ్చు ప్రకారం 4 మి.మీ. ఇనుప రేకు కోయించి, నడిమధ్యలో 25 మి.మీ. గొట్టం వెల్డ్ చేయించండి. వైరు గొట్టం లోపలి నుంచే పోతుంది. గొట్టానికి బదులు సన్నటి పట్టీ పెడితే పని తొందరగా అవుతుంది కానీ గతుకుల్లో అది వణుకుతుంది, తెర మీద లోకమంతా ఊగుతుంది. గొట్టం అడుగున చిన్న రంధ్రం పెట్టించండి, నీళ్లు నిలవకుండా. మొత్తానికి మెరుపు లేని నల్ల రంగు వేయండి. మెరిసే రంగయితే రాత్రి రివర్స్ లైటు వెలుగు దాని మీద పడి లెన్స్‌లోకి కొడుతుంది.

ఇప్పుడు ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన తనిఖీ. ప్లేటు మందం మేర స్టడ్డు పొడవు తగ్గిపోతుంది. నట్టు మరలో కనీసం స్టడ్డు వ్యాసమంత లోతు ఎక్కాలి. 12 మి.మీ. స్టడ్డుకి 1.5 మి.మీ. మర (చుట్టుకి 1.5 మి.మీ. ముందుకెళ్లేది) అయితే 8 పూర్తి చుట్లు. 14 మి.మీ. స్టడ్డుకి అదే మర అయితే 9 దాటి పదో చుట్టులోకి వెళ్లాలి. అంగుళానికి 20 మరలుండే అర అంగుళం స్టడ్డుకి 10 చుట్లు. చక్రం పెట్టి, చేత్తో నట్టు తిప్పుతూ లెక్కపెట్టండి. తక్కువొస్తే పల్చటి ప్లేటు వాడండి లేదా పొడుగు స్టడ్లు వేయించండి. ఇక్కడ ఏదోలా సర్దుకుపోయారంటే, హైవే మీద ఊడిపోయేది కెమెరా కాదు, 30 కిలోల చక్రం.

ఇక కెమెరా ఎంత లోపల ఉండాలి? టైరు ముఖం కన్నా ఒక్క మి.మీ. బయటికున్నా గోడకి మొదట తగిలేది లెన్సే. మరీ లోపలుంటే టైరు ఉబ్బు కింది చూపుని కోసేస్తుంది. లెక్క వేసి చూద్దాం. కెమెరా నేల నుంచి 95 సెం.మీ. ఎత్తులో ఉంది, టైరు ఉబ్బు చక్రం మధ్య నుంచి 30 సెం.మీ. దూరంలో ఉంది అనుకోండి. కెమెరా టైరు ముఖం నుంచి 5 సెం.మీ. లోపలుంటే, టైరు వెనక నేల మీద దాదాపు 11 సెం.మీ. పట్టీ కనపడదు. 10 సెం.మీ. లోపలుంటే ఆ పట్టీ 22 సెం.మీ. అవుతుంది. కాబట్టి 3–5 సెం.మీ. లోతు మంచి రాజీ. ట్రైలర్ తగిలించే హుక్ చూడాలన్న కోరికుంటే మాత్రం వదులుకోండి, టైరు కింద ఉన్న హుక్ ఈ కెమెరాకి కనిపించదు.

వంపు చేత్తో పట్టుకుని చూస్తే తేలదు. చక్రం తాత్కాలికంగా రెండు నట్లతో బిగించి, కేబుల్‌ని ఇందాకటిలాగే బయట పరిచి, బ్యాటరీ కాసేపు తగిలించి, తెర ఆన్ చేసి, తెర అడుగున టైరు నల్లటి అంచు ఒక సన్నటి చంద్రవంకలాగా కనపడేదాకా కెమెరాని కిందికి వంచండి. ఆ వంక ఉండటం మంచిదే. బండి ఎక్కడ అయిపోతుందో కంటికి ఆనవాలు అదే. తెర పైభాగంలో దూరపు నేల, కాస్త ఆకాశం కనిపిస్తే చాలు. ఒకసారి కుదిరాక స్క్రూలకి మరలు వదులవకుండా పట్టే గమ్ము చుక్క వేసి బిగించేయండి.

వైరుని లోపలికి తేవడం

కష్టమంతా ఇక్కడే. నింపాదిగా చేయండి.

ముందు డోర్‌లోకి దారి వెతకండి. చాలా బండ్లలో స్టెప్నీ పైన మూడో బ్రేక్ లైటు ఉంటుంది, దాని వైరు ఎలాగో ఒకలా లోపలికి పోతూనే ఉంటుంది. ఆ దారినే వెళ్లండి. కొత్త రంధ్రం వేయాల్సిన అవసరం చాలాసార్లు రాదు, క్యారియర్ వెనక ఎక్కడో రబ్బరు బిళ్లతో మూసిన రంధ్రం ఉంటుంది. తప్పక వేయాల్సొస్తే డోర్ లోపలి ప్యానెల్ తీసి, అవతలివైపు ఏముందో చూశాకే డ్రిల్లు పెట్టండి. వేశాక అంచులు ఆకురాయితో నునుపు చేసి, తుప్పు పట్టని ప్రైమర్ రెండు పూతలు పూసి, ఆరాక రబ్బరు గ్రోమెట్ (వైరు రేకుకి కోసుకోకుండా కాపాడే వలయం) తొడగండి. ప్రైమర్ ఆరేదాకా ఆగలేక గ్రోమెట్ తొడిగేస్తే ఏడాదికల్లా తలుపు మీద ఎర్రటి చార కిందికి కారుతుంది.

బయట ఉన్న వైరు లోపలికి దూరేచోట, దూరే ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి. వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గర చుక్కలుగా రాలిపోతాయి. ఈ వంపు లేకపోతే ఎంత సిలికాన్ పూసినా నీళ్లు దారి వెతుక్కుంటాయి. కెమెరా కనెక్టర్ మాత్రం డోర్ లోపలి పొడివైపే ఉండాలి. వీలుకాకపోతే దానికి లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకుని పట్టేసేది) వేసి వేడి చేయండి. మామూలు ఇన్సులేషన్ టేపు రెండు ఎండాకాలాలకి జిడ్డుగా మారి ఊడిపోతుంది.

డోర్ నుంచి బాడీకి మధ్య, కీలు దగ్గర ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది. వైపర్, డీఫాగర్ (అద్దం మీది ఆవిరి పోగొట్టేది) వైర్లన్నీ అందులోంచే పోతాయి. మన వైరు కూడా అందులోంచే పోవాలి, బయట నుంచి వేలాడకూడదు. గొట్టాన్ని రెండు చివర్లా లాగితే ఊడొస్తుంది. మొదట ఒక గట్టి తీగ దూర్చండి. దాని కొన గుచ్చుకోకుండా మడిచి, టేపు చుట్టి, సబ్బు నీళ్లు రాసి నెమ్మదిగా తిప్పుతూ నెట్టండి. అవతల కొస కనపడగానే వీడియో కేబుల్‌ని దానికి కట్టి వెనక్కి లాగండి. కేబుల్ చివర స్టీరియోలో గుచ్చే ఆర్‌సీఏ పిన్ను లావుగా ఉండి ఇరుక్కుంటుంది. అందుకే దాన్ని లాగేవైపు కాకుండా, కేబుల్‌లో సన్న కనెక్టరున్న కొసని లాగడం తెలివి. అంటే బాడీవైపు నుంచి డోర్‌వైపుకి. లాగుతుంటే ఎక్కడైనా పట్టేసిందా, బలం ఉపయోగించొద్దు. వెనక్కి అంగుళం తీసి, తిప్పి, మళ్లీ లాగండి.

గొట్టం తిరిగి బిగించాక డోర్‌ని పూర్తిగా తెరిచి, మూసి, ఇరవైసార్లు చూడండి. తెరిచినప్పుడు వైరు బిగుసుకోకూడదు, మూసినప్పుడు కీలు మధ్య నలగకూడదు. చెవి దగ్గర పెట్టి వింటే నలిగే వైరు చిన్నగా కిర్రుమంటుంది కూడా.

బాడీలోకి వచ్చాక కింది గుమ్మం ప్లాస్టిక్ పట్టీల కింద నుంచి ముందుకి తీసుకెళ్లండి. పైకప్పు ఊడదీసే బండి అయితే వైరుని పైనుంచి అస్సలు తేవద్దు. నేల మీద నీళ్లు చేరే బండి కాబట్టి ముడతల గొట్టంలో వేసి, కార్పెట్ కింద కాకుండా గుమ్మం అంచు ఎత్తులో కట్టండి. ప్రతి 20–25 సెం.మీ.కి ఒక టై. సీటు బెల్టు యంత్రం, సీటు పట్టాలు కదిలే చోట్లు తప్పించండి. వేరే లావు కరెంటు వైర్లు, యాంప్లిఫయర్ వైర్లు ఉంటే వాటికి దూరంగా, కుదిరితే అవతలి గుమ్మం వెంట తీసుకెళ్లండి. పక్కపక్కనే పోతే ఇంజిన్ స్టార్ట్ చేయగానే తెర మీద గీతలు దొర్లుతాయి.

కరెంటు ఎక్కడ నుంచి

కెమెరాకి కరెంటు రివర్స్ లైటు నుంచే తీసుకోవాలి. గేరు వేస్తే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి, చక్రాల రాళ్లు అలాగే ఉంచి, ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, రివర్స్ గేరు వేయండి. లైటు వెనక వైర్లలో ఏది 12 వోల్టులు చూపిస్తుందో మల్టీమీటర్‌తో పట్టుకోండి. గేరు తీస్తే అది సున్నాకి రావాలి. రంగు చూసి ఊహించొద్దు. దొరికాక బ్యాటరీ మళ్లీ విప్పి, కెమెరా ఎర్ర వైరుని దానికి కలపండి, మధ్యలో 1 ఆంప్ ఫ్యూజు పెట్టి. ఇలాంటి కెమెరా తాగే కరెంటు చాలా తక్కువ, సాధారణంగా 0.2 ఆంప్ కూడా దాటదు.

ఎర్త్ విషయంలో చాలామంది పొరబడతారు. స్టెప్నీ డోర్ రేకుకి ఎర్త్ ఇస్తే ఆ కరెంటు కీళ్ల మీదుగా బాడీకి చేరాలి. గ్రీజు, రంగు, తుప్పు మధ్యలో ఎర్త్ బలహీనపడి బొమ్మ వణుకుతుంది. రివర్స్ లైటు ఎర్త్ వైరుకే కలపండి, లేదా బాడీ మీద రంగు గీకి గట్టిగా బోల్టు వేయండి.

వీడియో కేబుల్ రెండు చివర్లా సన్నటి ఎర్ర వైరొకటి వేలాడుతుంటుంది. దాన్ని అదనపు వైరనుకుని కోసేసేవాళ్లున్నారు. వెనక కెమెరా ఎర్ర వైరుతో పాటు దీన్నీ కలపండి. ముందు కొసని స్టీరియోలో రివర్స్ లేదా బ్యాక్ అని రాసిన వైరుకి ఇవ్వండి. గేరు వేసినట్టు స్టీరియోకి కబురు అందేది దీని ద్వారానే. ఇది తగిలించకపోతే వీడియో వస్తున్నా తెర దానంతటది మారదు.

కొత్త బండ్లలో ఒక తిరకాసు ఉంది. రివర్స్ లైటుకి నిలకడగా కరెంటు ఇవ్వకుండా కంప్యూటర్ దాన్ని క్షణానికి వందలసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంటుంది. బల్బుకి అది తెలియదు, కెమెరా మాత్రం మినుకుమినుకుమంటుంది. అలాంటప్పుడు రిలే (కొద్ది కరెంటుతో పనిచేసే స్విచ్చు) వాడాలి. 85, 86 కాళ్లకి రివర్స్ లైటు ప్లస్, ఎర్త్. 30వ కాలికి ఇగ్నిషన్‌తో వచ్చే ఫ్యూజున్న 12 వోల్టులు. 87 నుంచి కెమెరాకి. రిలే కూడా టకటకమంటుంటే లైటుకి, రిలేకి మధ్య రివర్స్ కెమెరా ఫిల్టర్ అని దొరికే చిన్న డబ్బా పెట్టండి. బల్బు పోయిందని మీటర్ మీద హెచ్చరిక వచ్చే బండ్లకీ ఇదే మందు.

తెర, గీతలు

పసుపు ఆర్‌సీఏ పిన్నుని స్టీరియో వెనక కెమెరా ఇన్ అని ఉన్నచోట పెట్టండి. వీడియో ఇన్ అని ఇంకోటి ఉంటుంది, అది కాదు. సెట్టింగ్స్‌లో రివర్స్ కెమెరా ఆన్ చేసి, రకం ఎంచుకోండి. నీలం తెర మీద సిగ్నల్ లేదని వస్తే వీడియో వైరు అందట్లేదు. నల్లగా ఉంటే కెమెరాకి కరెంటు లేదు, లేదా రకం తప్పు ఎంచుకున్నారు. రంగు లేకుండా బొమ్మ పైకి దొర్లుతుంటే సెట్టింగ్స్‌లో పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే వీడియో పద్ధతుల్ని మార్చి చూడండి.

గీతల్ని ఊరికే నమ్మొద్దు. అవి ఏదో ఒక ఎత్తుకి తయారుచేసినవి, మన కెమెరా మామూలు కార్ల కన్నా పైన ఉంది. టైరు ముఖం నుంచి, బంపర్ నుంచి కాదు, అర మీటరు, 1 మీటరు, 2 మీటర్ల దగ్గర నేల మీద సీసాలు పెట్టండి. తెర మీద ఏ గీత ఏ సీసా అడుగుకి తాకుతుందో చూసుకోండి. స్టీరియోలో గీతలు జరిపే వీలుంటే జరపండి, లేకపోతే గీతలు తీసేసి తెర అంచున చిన్న స్టిక్కర్ ముక్క అంటించుకోండి. నాది స్టిక్కరే.

కొండ దారుల్లో ఇంకో మాయ ఉంది. బండి వెనక నేల పైకి లేస్తుంటే, ఆ ఎత్తు మీదున్న రాయి తెరలో పైకి కనిపిస్తుంది, అంటే ఉన్నదానికన్నా దూరంగా ఉన్నట్టు. వెనక నేల కిందికి దిగుతుంటే దీనికి తలకిందులు. చదునులో సరిచేసిన గీతలు వాలులో అబద్ధం చెప్తాయన్నమాట. గట్టుని ఆనుకుని రివర్స్ చేసేటప్పుడు గీత ఇంకా అర మీటరు చూపిస్తున్నా దిగి ఒకసారి చూసుకోండి.

బిగించాక

స్టెప్నీని మూడు నట్లతో ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, బండి మాన్యువల్‌లో చెప్పిన బిగువుకి బిగించండి. కొత్త ప్లేటు మధ్యలో కూర్చున్నందున మొదట్లో కాస్త సర్దుకుంటుంది. 100 కి.మీ. తిరిగాక మళ్లీ స్పానర్ పెట్టి చూడండి. నాకు రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. మధ్య మూత ఇక పట్టదు, దాన్ని పారేయకుండా ఇంట్లో పెట్టుకోండి.

బురద గురించి పెద్దగా చేయగలిగింది లేదు. చక్రం గుంటలో ఉన్నందుకు బంపర్ కెమెరా కన్నా తక్కువే పడుతుంది, కానీ ఆ గుంటలోనే పేరుకుంటుంది. డోర్ అరలో ఒక నీళ్ల సీసా, మెత్తటి గుడ్డ పెట్టుకోండి. ముందు నీళ్లు పోసి తర్వాతే తుడవండి, పొడి మట్టిని రుద్దితే లెన్స్ గీతలు పడుతుంది. ప్రెషర్ వాషర్‌ని నేరుగా లెన్స్ అంచు మీద పెట్టకండి, ఐపీ69కే ఉన్నా సరే.

చివరగా ఒక సాయంత్రం, పగటి వెలుతురు ఉండగానే, పంక్చర్ అయినట్టు అనుకుని స్టెప్నీ దించండి. చక్రం కెమెరా మీదుగా జారి రావాలి, ప్లేటు స్టడ్ల మీదే ఉండిపోవాలి. బండికి ఉన్న మామూలు చక్రాల్లో ఒకటి తీసి స్టెప్నీ స్థానంలో ఎక్కించి చూడండి. అలాయ్ వేరు, స్టెప్నీకి ఇనుప రిమ్ వేరు అయిన బండ్లలో లోతు తేడా వచ్చి కెమెరా బయటికి పొడుచుకురావచ్చు. అలా వస్తే ఆ చక్రం ఉన్నన్నాళ్లు కెమెరాని లోపలికి జరపడానికి ఏ సైజు స్పానర్ కావాలో చూసి, దాన్ని జాకీ సంచిలో పడేయండి.